చెప్పులు బయట, నిబంధనలు లోపల

మన దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాల్సిన చోట్లు మూడు: గుడి, వంటిల్లు, కాలేజీ కంప్యూటర్ ల్యాబ్. మొదటి రెండింట్లో చివరికి చేతిలో ఏదో ఒకటి పడుతుంది. మూడోదాంట్లో దక్కేది దర్శనమే. అదీ ముగ్గురికి కలిపి ఒక సిస్టమ్. ముందు కూర్చున్నవాడికి కీబోర్డు, పక్కవాడికి మౌస్, వెనక నిల్చున్నవాడికి పుణ్యం.

విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే రహదారి మీద, తెలంగాణ సరిహద్దు ఇంకాస్త దూరం ఉందనగా తిరువూరు వస్తుంది. చుట్టూ మామిడి తోటలు. పొద్దున్నే విస్సన్నపేట, గంపలగూడెం, ఏ.కొండూరు పల్లెల నుంచి పసుపు బస్సులు పిల్లల్ని తెచ్చి కాలేజీ గేట్ల దగ్గర దింపుతాయి. ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో కంప్యూటర్ ముట్టబోయే మొదటి మనిషి వాళ్ళే. ఇక నేను చెప్పబోయే కాలేజీ ఏదని మాత్రం అడక్కండి. తిరువూరు మొదలు తిరుపతి దాకా చూసినవీ విన్నవీ అన్నీ ఒకే రోట్లో వేసి నూరిన పచ్చడి ఇది. ఎవరి నాలుక మండితే వాళ్ళ మిరపకాయ అందులో పడిందని లెక్క.

ల్యాబ్‌లోకి అడుగుపెట్టగానే గోడ మీద నిలువెత్తు ఫ్లెక్సీ. ‘కంప్యూటర్లు, నెట్‌వర్క్‌ల బాధ్యతాయుత వినియోగం: విద్యార్థులకు నిబంధనలు’. పైన సరస్వతీదేవి. ఆమెకు ఒక పక్క ఛైర్మన్ గారు, రెండో పక్క ఛైర్మన్ గారి నాన్నగారు. చోటు చాలక వీణ కాస్త ఇరుకున పడింది. నిబంధనలు ఇరవైకి పైనే, అన్నీ ఇంగ్లీషులో. పిల్లలకు కచ్చితంగా అర్థం కావాలనుకున్న మాట ఒక్కటే తెలుగులో రాశారు: ‘చెప్పులు బయట విడువవలెను’.

మూడో నిబంధన: అనుమతి లేని సాఫ్ట్‌వేర్ వాడరాదు. దాని కిందనే ఉన్న మొదటి సిస్టమ్ తెర మీద, కుడి చేతి మూలలో, ‘యాక్టివేట్ విండోస్’ అని బూడిద రంగు అక్షరాలు. ఆ అక్షరాల సాక్షిగా మూడు బ్యాచ్‌లు పాసై వెళ్ళిపోయాయి. అయిదో నిబంధన: పాస్‌వర్డ్ ఇతరులకు తెలియజేయరాదు. మానిటర్ నెత్తిన నల్ల మార్కర్‌తో ‘అడ్మిన్123’ అని రాసి, చెరిగిపోకుండా పైన సెల్లో టేపు అంటించారు. ఎనిమిదో నిబంధన: ఇంటర్నెట్ బ్యాండ్‌విడ్త్‌ను వృథా చేయరాదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ల్యాబ్‌లో అసలు నెట్టే లేదు. నిజానికి నెట్‌వర్క్ దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఇంతకంటే పటిష్ఠమైన సాంకేతికత ప్రపంచంలో ఎవరూ కనిపెట్టలేదు. అమెరికావాళ్ళు ఫైర్‌వాల్ కొంటారు, మనం వైరు పీకేస్తాం.

“సార్, నెట్ రావట్లేదు సార్.”

“దేనికిరా నీకు నెట్?”

“నిబంధనలు చదివినట్టు ఆన్‌లైన్‌లో యాక్సెప్ట్ కొట్టమన్నారు సార్.”

“ఫోన్లో కొట్టు.”

“ఫోన్లు గేటు దగ్గర తీసేసుకున్నారు కద్సార్.”

“అయితే గేటుకెళ్ళి తీసుకుని, కొట్టేసి, మళ్ళీ ఇచ్చేసి రా. చెప్పులేసుకుని వెళ్ళు, ఎండగా ఉంది.”

పాపం, ఆ ల్యాబ్ అసిస్టెంటు మీద నాకు కోపం లేదు. అతనికొచ్చే జీతంలో అతను చూపించిన కనికరం ఎక్కువే.

ల్యాబ్‌లో ఏం నేర్పుతారని అడిగితే, రికార్డు రాయడం నేర్పుతారు. 1990ల తొలి రోజుల నాటి బోర్లాండ్ టర్బో సీ నీలం తెర మీద ప్రోగ్రాం కొట్టడం ఒక లాంఛనం. అసలు చదువంతా రికార్డు పుస్తకంలో ఉంది. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాం నీలి సిరాతో, ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్ పెన్సిల్‌తో. కంప్యూటర్ ఇవ్వాల్సిన జవాబుని ముందే స్కేలు పెట్టి గీసి, సంతకం అయ్యాక అప్పుడు కంప్యూటర్ దగ్గరికి పోవాలి. ఈమధ్య పిల్లలు చాట్‌జీపీటీతో ప్రోగ్రాం రాయించి, దాన్ని చూసి చేత్తో ఎక్కిస్తున్నారు. కృత్రిమ మేధకు చేతిరాత గుమాస్తాలను సరఫరా చేసిన ఘనత బహుశా మన కాలేజీలదే. ప్రశ్నపత్రం కూడా అదే యంత్రం తయారుచేసి పెట్టిందని పిల్లలకు తెలుసు. ఎవరూ పైకి అనరు, మర్యాదగా ఉండదని.

ఇక ఆ ఫ్లెక్సీ పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. కాపీ కొట్టడం నేరమని చెప్పే పదకొండో నిబంధనతో సహా అది మొత్తం ఎక్కడో అమెరికా విశ్వవిద్యాలయం నుంచి ఎత్తిపోసింది. ఎత్తేటప్పుడు పేరైతే మార్చారు గానీ వాతావరణం మార్చడం మరిచారు. ‘మంచు కురిసి క్యాంపస్ మూసివేసిన దినములలో విద్యార్థులు రిమోట్ లాగిన్ సౌకర్యము వినియోగించుకొనవచ్చును’ అని పదిహేనోది. మే నెలలో తిరువూరు బస్టాండులో అయిదు నిమిషాలు నిలబడ్డవాడికి ఈ వాక్యం చదివితేనే ప్రాణం లేచొస్తుంది.

పద్దెనిమిదోది ఇంకా బాగుంటుంది. సోషల్ మీడియాలో అభ్యంతరకరమైన పోస్టులు పెడితే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ కింద చర్య తీసుకుంటారట. ఆ సెక్షన్ పోయి చాలా ఏళ్ళయింది. 2012లో బాల్ ఠాక్రే మరణం తర్వాత జరిగిన బంద్ మీద ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాస్తే, ఆమె స్నేహితురాలు లైక్ కొడితే, మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో పోలీసులు ఇద్దర్నీ పట్టుకెళ్ళారు. ఇదేం న్యాయమని సుప్రీంకోర్టు మెట్లెక్కింది శ్రేయా సింఘాల్ అనే మరో అమ్మాయి. అప్పటికి ఆమెది కాలేజీ పిల్ల వయసే. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కొట్టేసిన సెక్షన్ కింద పోలీసులు ఇంకా కేసులు కడుతున్నారని తెలిసి 2021 జులైలో అదే కోర్టు నివ్వెరపోయింది. పోలీసులే వదల్లేనిదాన్ని మన ప్రిన్సిపాల్ గారు మాత్రం ఎందుకు వదులుతారు? ఈ దేశంలో చచ్చినవాడి పేరు మీద రేషన్ తీసుకుంటే మోసం, చచ్చిన సెక్షన్ పేరు మీద పిల్లల్ని బెదిరిస్తే క్రమశిక్షణ.

ఇంతకీ ఈ నిబంధనలు పిల్లల కోసం రాశారని మీరు అనుకుంటున్నారా? పిల్లలు చదవరని రాసినవాళ్ళకు తెలుసు, రాసినవాళ్ళూ చదవలేదని పిల్లలకు తెలుసు. ఇవి న్యాక్ వారి కోసం. కాలేజీలకు గ్రేడులిచ్చే ఆ సంస్థ లెక్కల్లో నాలుగో ప్రమాణం మౌలిక వసతులది. ఎందరు విద్యార్థులకు ఎన్ని కంప్యూటర్లు, నెట్ వేగమెంత, వైఫై ఉందా, ఐటీ పాలసీ ఉందా, అన్నీ అందులో అడుగుతారు. పాలసీ అడిగారు కాబట్టి ఫ్లెక్సీ వెలిసింది. కంప్యూటర్లు అడిగారు కాబట్టి ఇన్‌స్పెక్షన్ ముందురోజు రాత్రి డీసీఎం వ్యాన్‌లో అవీ వెలుస్తాయి. పక్క ఊళ్ళో ఉన్న అన్నగారి కాలేజీ నుంచి తమ్ముడి కాలేజీకి. సీపీయూ మీద పాత స్టిక్కర్ పీకే ఓపిక లేక దాని మీదే కొత్త స్టిక్కర్ వేస్తారు. తనిఖీ కమిటీ పెద్దలు కళ్ళజోడు సవరించుకుని చూస్తే కింది పేరు కూడా చదవొచ్చు. అయితే పెద్దలు ఆ సమయంలో జీడిపప్పు వైపు చూస్తూ ఉంటారు.

ఇది నా దురూహ అనుకునేవాళ్ళు 2025 ఫిబ్రవరి 1 నాటి వార్త గుర్తు తెచ్చుకోవాలి. తిరువూరు నుంచి విజయవాడ దిగి, కృష్ణ దాటగానే వచ్చే వడ్డేశ్వరంలోని కోనేరు లక్ష్మయ్య ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌కు సంబంధించి సీబీఐ కేసు పెట్టి పదిమందిని అరెస్టు చేసింది. వాళ్ళలో న్యాక్ తనిఖీ బృందం సభ్యులూ ఉన్నారు. ఏ ప్లస్ ప్లస్ గ్రేడు కోసం నగదు, బంగారం, మొబైళ్ళు, ల్యాప్‌టాప్‌లు ఇచ్చారన్నది సీబీఐ ఆరోపణ. సోదాల్లో 37 లక్షల రూపాయల నగదు, ఆరు ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్ దొరికాయని ప్రకటించింది. నిజానిజాలు కోర్టులు తేలుస్తాయి, తేలేదాకా ఎవరూ దోషులు కారు. నాకు మాత్రం ఆ ఆరు ల్యాప్‌టాప్‌ల మీదే మనసుపోయింది. బ్యాగులోంచి తీసేటప్పుడు వాటి మీద కూడా బాధ్యతాయుత వినియోగ నిబంధనలు అంటించి ఉన్నాయా? యాక్సెప్ట్ ఎవరు కొట్టారు?

వెబ్‌సైటులో పాలసీ ఉంటే కాలేజీ ఉన్నట్టే అన్న సిద్ధాంతాన్ని అంచుదాకా తీసుకెళ్ళినవాళ్ళు మనవాళ్ళు కారు, అమెరికా ప్రభుత్వం. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం అని 2015లో ఆ దేశపు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే ఒకటి పెట్టింది. వెబ్‌సైటు ఉంది, అధికారిక జాబితాలో పేరుంది, ఫీజు వసూలుంది. పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. వీసా నిలబెట్టుకోవడానికి దొంగదారి వెతికేవాళ్ళ కోసం పరిచిన వల అది. 2019 జనవరి చివర్లో వల లాగితే చిక్కిన వందలాది విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. వాళ్ళను చేర్పించిన దళారుల మీదా కేసులు పడ్డాయి. నేరం చేసినవాళ్ళ తప్పు తప్పే. కానీ వెబ్‌సైటు చూసి కాలేజీని నమ్మే విద్య ఆ పిల్లలకు ఎక్కడ అబ్బిందంటారు? ఫార్మింగ్‌టన్‌లో వెబ్‌సైటు వెనక ఏమీ లేదు. మన దగ్గర కనీసం బిల్డింగు ఉంటుంది. అంతవరకు మనం నయం.

సరే, ల్యాబ్ వదిలి బయటికొద్దాం. గేటు దగ్గర ఫోన్ తిరిగి చేతికొచ్చిన క్షణం నుంచి ఆ పిల్లాడు నిజమైన నెట్‌వర్క్‌లో పడతాడు. అక్కడ ఫ్లెక్సీ లేదు. సరస్వతీదేవి లేదు. పీఆర్వో ఉన్నాడు.

పీఆర్వో అంటే తెలియని తల్లిదండ్రులు ఆంధ్రదేశంలో లేరు. పదో తరగతి పరీక్షలు అయిన సాయంత్రం నుంచి ఇంటర్ కాలేజీ పీఆర్వో, ఇంటర్ అయిన సాయంత్రం నుంచి ఇంజినీరింగ్ కాలేజీ పీఆర్వో. మామిడి తోటలో మందు కొడుతున్న రైతు జేబులో ఫోన్ మోగుతుంది.

“నమస్తే అండీ. బాబు వాళ్ళ నాన్నగారేనాండీ?”

“ఎవరు బాబూ?”

“మీ శ్రేయోభిలాషులమండీ. మనవాడికి ఫిజిక్స్‌లో కాస్త తగ్గినట్టున్నాయి. ఏం ఫర్వాలేదండీ, మా దగ్గర సీటు ఖాయం. బస్సు మీ ఊరి రామాలయం దాకా వస్తుంది.”

కొడుకు మార్కులు ఆయన ఇంకా చూడలేదు. ఊరు పేరు చెప్పలేదు, రామాలయం సంగతి అసలే చెప్పలేదు. ఇదంతా ఎక్కడిది? రెండేళ్ళ కిందట కాలేజీలో చేరేటప్పుడు నింపిన దరఖాస్తులోది. నాన్న ఫోను, అమ్మ ఫోను, కులం, ఆదాయం, ఆధార్, బస్సెక్కే చోటు, అన్నీ ఆయనే వేలిముద్ర వేసినంత నమ్మకంగా చెప్పి రాయించాడు. ఆ దరఖాస్తులన్నీ ఒక ఎక్సెల్ ఫైల్ అయ్యాయి. ఆ ఫైల్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి దిగింది. పెన్‌డ్రైవ్‌కు కాళ్ళు లేవు, పేరుకింత అని రేటుంది. అదే కాలేజీ ఫ్లెక్సీలో తొమ్మిదో నిబంధన చూడండి: ఇతరుల వ్యక్తిగత సమాచారమును అనుమతి లేకుండా పంచుకొనిన విద్యార్థి సస్పెండ్ చేయబడును. ఒక కుర్రాడు ఒకమ్మాయి నంబరు ఇంకొకడికి ఇస్తే సస్పెన్షన్, ఇవ్వాల్సిందే. కాలేజీ మొత్తం అమ్మాయిల నంబర్లూ అబ్బాయిల నంబర్లూ అమ్మేస్తే దాని పేరు అడ్మిషన్ల ప్రచారం. దొంగ చేతికి తాళాలిస్తే దొంగతనం చేశాడంటారు. ఇక్కడ తాళాలు పెట్టుకున్నవాడే గోడ మీద దొంగతనం తప్పని రాయించాడు.

చట్టం లేదా అంటే ఉంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, అదీ నిజంగా వాళ్ళే ఇచ్చారని తేలేలా. జరిమానాలు 250 కోట్ల రూపాయల దాకా పోతాయి. రూల్స్ రావడానికి రెండేళ్ళు పైన పట్టి 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలు నెత్తిన పడటానికి ఇంకో పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరే పిల్లకు పదహారేళ్ళు కూడా నిండవు. ఈ గడువు లోపల ఆ పిల్ల పేరు ఎన్ని పెన్‌డ్రైవ్‌లెక్కి దిగుతుందో ఆ దేవుడికెరుక, పీఆర్వోకెరుక.

పిల్లల్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్ళకూ పెట్టాల్సింది పెడతాను. ప్రతి కాలేజీలోనూ సెలవులకు కొత్త బైకు మీద వచ్చే ఒక సీనియర్ ఉంటాడు. “తమ్ముడూ, నీ బ్యాంకు అకౌంటు ఒక నెల వాడుకుంటాం. ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు చాలు. అయిదు వేలు నీవి. నువ్వు చేసేదేం లేదు” అంటాడు. చేసేదేం లేదు అన్న మాటే తమ్ముడికి ఉద్యోగ ప్రకటనలా వినిపిస్తుంది. ఇచ్చేస్తాడు. ఎక్కడో ఒక రిటైర్డ్ మాస్టారిని వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్టు’ చేసి, ఆయన దాచుకున్నదంతా ఊడ్చిన డబ్బు ఈ తమ్ముడి అకౌంట్లో పడి, నిమిషాల్లో మరో నాలుగు అకౌంట్లకు చీలిపోతుంది. ముందు చిక్కేది తమ్ముడే, పాస్‌బుక్ మీద ఉన్నది అతని పేరే కాబట్టి. సీనియర్ ఫోన్ స్విచాఫ్. మోసపోయిన మాస్టారు వెంటనే 1930కి ఫోన్ చేస్తే కొంతైనా ఆగొచ్చు, ఆగేది తమ్ముడి అకౌంట్లోనే. స్కాలర్‌షిప్పు పడాల్సిన అకౌంటూ అదే అయితే అదీ ఫ్రీజ్. ఐటీ చట్టం 66సీ, 66డీ సెక్షన్లకు మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇవి బతికున్న సెక్షన్లు. ఫ్లెక్సీలో వీటి ఊసే లేదు. మంచు కురిసే రోజుల గురించి రాయడంతో చోటైపోయింది.

అకౌంటు ఇవ్వనివాళ్ళలో కొందరు తామే వెళ్ళి చిక్కారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా బాగోతం అలాంటిదే. డేటా ఎంట్రీ ఉద్యోగం, డాలర్లలో జీతం అని ఏజెంట్లు లక్షలు గుంజి కుర్రాళ్ళను పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, చీకటి గదుల్లో కూర్చోబెట్టి, సైబర్ మోసాలు చేయించారు. చేయనంటే తిండి కట్. వాళ్ళతో ఎవరికి ఫోన్లు చేయించారనుకున్నారు? భాష తెలిసిన మనవాళ్ళకే. మన కాలేజీలో టర్బో సీ దాటి ముందుకు పోని సిలబస్‌ను పూర్తి చేసి, ప్రాక్టికల్స్ పెట్టి, టార్గెట్లు ఇచ్చి, నెట్ స్పీడు తగ్గకుండా చూసుకున్న ఏకైక విద్యాసంస్థ అదేనని చెప్పడానికి సిగ్గేస్తోంది.

అమ్మాయిల ఫొటోలు మార్ఫింగ్ చేసే వెధవల గురించి ఎక్కువ రాయను. వాళ్ళకు వ్యంగ్యం దండగ, పోలీస్ స్టేషన్ చాలు. కాకపోతే ఫిర్యాదు చేయబోయిన అమ్మాయిని “అసలు ఫొటో ఎందుకు పెట్టావమ్మా?” అని అడిగే పెద్దమనుషులకు మాత్రం ఒక ప్రత్యేక ఫ్లెక్సీ వేయించాలి, పెద్ద సైజులో.

నెట్‌వర్క్ బాధ్యత మాట వస్తే పైవాళ్ళ లెక్క కూడా చూద్దాం. కాలేజీలో ఒకడు రౌటర్ ప్లగ్ పీకితే క్రమశిక్షణ కమిటీ. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమ మొత్తానికి ప్రభుత్వం ప్లగ్ పీకింది. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు చేరారు. ఇక సరిహద్దుకు అవతల, 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పేపర్ల లీకు. బయటినుంచి ఏ హ్యాకరూ చొరబడలేదు. లోపల నెట్‌వర్క్ చూసుకునే మనిషే, లోపలి ఉద్యోగితో కలిసి, రహస్య విభాగం కంప్యూటర్లోంచి పేపర్లు తీశారన్నది పోలీసుల అభియోగం. రెండున్నర లక్షల మందికి పైగా రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదన్న అయిదో నిబంధన ఆ ఆఫీసులోనూ ఏదో గోడ మీద ఉండే ఉంటుంది. సెల్లో టేపు సంగతి నాకు తెలీదు.

కంప్యూటర్లను చెడగొట్టిన విద్యార్థుల్లో పేరుమోసినవాడు రాబర్ట్ మోరిస్. 1988 నవంబరు 2న, కార్నెల్‌లో చదువుతూ, ఇంటర్నెట్‌లోకి ఒక వార్మ్ వదిలాడు. వేలాది యంత్రాలు మూలనపడ్డాయి. అది దూరిన దారుల్లో ఒకటి, జనం పెట్టుకునే తేలిక పాస్‌వర్డ్‌లను వరసగా ఊహించి చూడటం. మన అడ్మిన్123 లాంటివన్నమాట. కోర్టు అతనికి మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, పదివేల డాలర్ల పైచిలుకు జరిమానా వేసింది. తర్వాత అతను ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు. అదే మన ల్యాబ్‌లో జరిగి ఉంటే? జరగదు. వార్మ్ పక్క సిస్టమ్‌కి పాకాలంటే వైరుండాలి.

చివరికి ప్రాజెక్టు. నాలుగేళ్ళ చదువుకు శిఖరం. నలుగురు పిల్లలు ఒక బ్యాచ్, హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక షాపు. టైటిల్, కోడ్, రిపోర్టు, పీపీటీ కలిపి ఒక రేటు. ఎక్స్‌ప్లనేషన్ కావాలంటే అదనం. ఎక్కువమంది ఆ అదనం దగ్గర పొదుపు చేస్తారు. ఇరవయ్యొకటో నిబంధన, ఇతరుల కృషిని తమదిగా చూపరాదు, ఆరోజు ల్యాబ్‌లోనే ఉంటుంది గానీ దానికి ఎదురుగానే వైవా జరుగుతుంది. మొన్నటి వైవా నాకు అక్కడే ఉన్న ఒకాయన చెప్పారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు భోజనం ముగించి, వక్కపొడి వేసుకుని కూర్చున్నారట.

“ఊఁ, టైటిల్ చెప్పండి నాన్నా.”

“బ్లాక్‌చెయిన్ ఆధారిత స్మార్ట్ వాటర్ క్వాలిటీ మానిటరింగ్ సిస్టమ్, సార్.”

నలుగురిలో ఒకడు ఏ.కొండూరు బస్సులో వస్తాడు. ఆ మండలం తండాల్లో ఏళ్ళ తరబడి మనుషులు కిడ్నీలు చెడి పోతున్నారు, బోరు నీళ్ళ మీదే జనం అనుమానం. డయాలిసిస్‌కు ఎవరు ఎప్పుడు వెళ్ళారో, ఏ బోరు నీళ్ళు తాగారో, ఒక మామూలు ఎక్సెల్ షీట్లో ఎక్కించినా ఆ ఊరికి పనికొచ్చేది.

“బావుంది. మరి ఈ నీళ్ళ శాంపిళ్ళు ఎక్కడివి?”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ.కొండూరు కుర్రాడే తెగించి చెప్పాడు.

“కోడ్‌తో పాటు వచ్చాయి సార్.”

ఎక్స్‌టర్నల్ గారు తలూపి, రిపోర్టు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వేలితో అట్ట మీద తట్టి చూశారు.

“బైండింగ్ గట్టిగా ఉందే. ఎక్కడ చేయించారు?”